కొత్తగా ఎమ్మెల్యే అయిన మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

దండలు, బాణసంచా అయిపోయాయి కాబట్టి ఇక పని మాటలు. ముందు ఖర్చుల లెక్క. పరిమితి 40 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి చేరాలి. ఏజెంటు చూసుకుంటాడులే అనుకోకు, సంతకం నీది.

ఇక నుంచి తెల్లవారకముందే గేటు దగ్గర జనం ఉంటారు. సగం మంది సిఫారసు లేఖ కోసమే. మొదటిసారి గెలిచినప్పుడు ఎవరినీ కాదనలేక అడిగినవాళ్లందరికీ రాసిచ్చాను. ఒకే అంగన్‌వాడీ పోస్టుకు ముగ్గురి చేతుల్లో నా లేఖలు! ఆ అధికారి మూడింటినీ బల్ల మీద పరిచి, "సార్, ఇందులో మీ మనిషి ఎవరు?" అని అడిగాడు. తల కొట్టేసినట్టయింది. నా లెటర్‌హెడ్‌కు మళ్లీ విలువ రావడానికి రెండేళ్లు పట్టింది. కాని పనిని కాదని ఆ పూటే చెప్పేయి. తిట్టుకుంటారు, కానీ తిప్పించుకున్నాడని అనరు. బావమరిదిని మాత్రం పీఏగా పెట్టుకోకు. (ఈ ఉత్తరం మీ అత్తయ్యకు చూపించకు.)

ఇక సభ. నేను కూర్చున్నది హైదరాబాద్‌లో, 294 మంది మధ్య. నువ్వు వెలగపూడిలో, 175 మందిలో ఒకడివి. మాట్లాడే వంతు నీకు కాస్త తొందరగానే రావాలి. మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన నక్షత్రం గుర్తు ప్రశ్న వేయడం తేలికే, అసలు పనంతా ఆ జవాబు మీద వెంటనే అడిగే అనుబంధ ప్రశ్నలో ఉంటుంది. మన చెరువు తూము మీద నేను వేసిన మొదటి ప్రశ్నకు మంత్రిగారు "పరిశీలనలో ఉంది" అన్నారు. నేను ధన్యవాదాలు చెప్పి కూర్చున్నాను! అంచనా ఎంత, ఫైలు ఎవరి దగ్గరుంది, టెండర్లు ఎప్పుడు పిలుస్తారు, ఒక్కటీ అడగలేదు. అడగడానికి నా దగ్గర కాగితం ఉంటే కదా. నువ్వు ముందురోజే ఇరిగేషన్ ఏఈతో కూర్చుని వివరాలు రాసుకో. బడ్జెట్ పుస్తకాలన్నీ చదవలేవు, మన పనులున్న పద్దులైనా చూడు. కిందటేడు ఎంత కేటాయించారు, ఎంత ఖర్చుపెట్టారు అన్న రెండు అంకెలు చేతిలో ఉంటే చాలు, మంత్రి నీవైపు తిరిగి జవాబు చెబుతారు.

విప్, అంటే ఓటు ఎటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, దాని సంగతి గుర్తుంచుకో. జారీ అయ్యాక ఎదురు ఓటు వేసినా, అనుమతి లేకుండా ఓటింగుకు రాకపోయినా రాజ్యాంగంలోని పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) కింద సభ్యత్వం పోవచ్చు. నచ్చనిది ఉంటే శాసనసభాపక్ష సమావేశంలో ముందే గట్టిగా చెప్పు.

మంత్రి పదవి టెన్షన్ ఇప్పట్నుంచీ వద్దు. 2003 రాజ్యాంగ సవరణ ప్రకారం సభలో 15 శాతమే, అంటే మన దగ్గర ముఖ్యమంత్రితో కలిపి 26 మంది. సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య గారు మంత్రి కాలేదు. అయినా ఆయన పేరు తలవనివాళ్లు ఆ వైపు తక్కువ.

నా పాత ప్రశ్నల ఫైళ్లు అటక మీదున్నాయి, మనిషిని పంపి తెప్పించుకో. చెరువు ఫైలు పైనే పెట్టాను. మొన్న అటుగా వెళ్తూ చూశాను, ఆ తూము ఇంకా కారుతూనే ఉంది.

మీ మామయ్య