ఏడాదంతా డెల్టాలోనే తిరిగావు, ఏమొచ్చింది? మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో నేను రాసింది చదివి చాలా మంది ఉత్తరాలు రాశారు, కొందరు వాట్సాప్‌లో పంపారు, అందరికీ థాంక్సండి. చదవని వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తా. 2025లో నా బీఎస్సీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, పీజీకి వేరే ఊరు పంపే పరిస్థితి ఇంట్లో లేదు. అప్పట్నుంచి పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ, ఖాళీ దొరికినప్పుడల్లా గోదావరి డెల్టాలో ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా కాలువల వెంట తిరిగా. మాది రాజోలు వైపు, నాన్న కౌలు రైతు.

మా అమ్మాయి కూడా డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉంది, ఏడాది పాడైపోయిందని ఒకటే ఏడుపు. నీకలా అనిపించలేదా తల్లీ? (ఒక అమ్మ, అమలాపురం)

అనిపించిందండి, ఎందుకనిపించదు. పెళ్ళికెళ్తే చాలు "ఏం చేస్తున్నావమ్మా" అని మొదలెడతారు, దానికి జవాబు లేక వంటల దగ్గరికి పోయి నిలబడేదాన్ని. కానీ ఆంటీ, మీ అమ్మాయిని ఇంట్లో మాత్రం కూచోబెట్టకండి, ఏదో ఒక పని మీద బయటికి పంపండి, ఉద్యోగమే అక్కర్లేదు, బ్యాంకు పనో పొలం పనో పక్కూళ్ళో చుట్టాల్ని చూసి రావడమో. నాకు ఏడుపు తగ్గింది నాన్నతో కౌలు కాగితాల పని మీద తిరగడం మొదలెట్టాకే. ఆ తిరుగుడే తర్వాత అలవాటైపోయింది.

అక్కా, ఫ్రెండ్స్ అందరూ గోవా, మనాలి ఫొటోలు పెడుతుంటే మన పక్కూళ్ళు తిరగడాన్ని ట్రావెల్ అంటారా? సరే, వెళ్తే ఎక్కడ మొదలుపెట్టాలి? (డిగ్రీ విద్యార్థి, భీమవరం)

అంటారు తమ్ముడూ, నేనైతే కచ్చితంగా అంటా. మనాలి కూడా మంచిదే, డబ్బులున్నప్పుడు వెళ్ళు. కాకపోతే మనం పుట్టి పెరిగిన చోటుకి నీళ్ళు ఎట్నుంచి వస్తాయో ఎటు పోతాయో మనలో చాలా మందికి తెలీదు, కాలువ అంటే ఎప్పుడూ ఉండేదే కదా అనుకుంటాం.

ధవళేశ్వరంలో మొదలుపెట్టు. కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలెట్టి 1852కి పూర్తిచేశాడు, ఇప్పుడు మనం బస్సులో దాటేది దాని బదులు కట్టిన బ్యారేజీ, 1982లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ఆర్ములు, అంటే నది పాయల మీద కట్టిన నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. అక్కడ్నుంచే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి కాలువలు బయల్దేరి సుమారు 10 లక్షల ఎకరాలు తడుపుతాయి. కాటన్ మ్యూజియం కూడా చూడు, బాగుంటుంది. దొరకి మనం పెట్టే దణ్ణాలు న్యాయమైనవే, ఆ రాళ్ళు మోసిన వేల మంది కూలీలని కూడా తల్చుకుంటే ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం. తర్వాత బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం, లొల్ల లాకులు. పూతరేకులు ఎలాగూ తింటావు కాబట్టి చేసే ఇంటికే వెళ్ళి చూడు, బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట, పల్చటి పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగుతారు, ఆ గుడ్డ దాటేలోపే రేకు తయారు.

ఇంతవరకు అందరూ వెళ్ళేదే. అక్కడ ఆగిపోకుండా కాలువ పట్టుకుని కిందకి రా, చివరి ఊరి దాకా రా, శివారు ఆయకట్టు అంటారు కదా అక్కడికి. నేను చెప్పాలనుకున్నదంతా అక్కడుంది. దాళ్వాకి, అంటే రెండో పంటకి, గోదాట్లో మామూలుగా వచ్చే నీళ్ళు చాలవు, పైన సీలేరు ప్రాజెక్టులో కరెంటు తీసి వదిలిన నీళ్ళు కలిస్తేనే పంట గట్టెక్కుతుంది, అందుకే వంతులు పెడతారు, వంతు నీరు పైనున్న ఊళ్ళన్నీ దాటుకుని శివారుకి వచ్చేసరికి ఎంత మిగిలితే అంత. ఫిబ్రవరిలో ఒక శివారు ఊళ్ళో చేను గట్టు మీద ఒక బాబాయి గారు బోదెలో, అంటే చేలోకి నీళ్ళొచ్చే పిల్లకాలువలో, కర్ర దించి పైకి తీసి, తడి ఎక్కడిదాకా ఉందో బొటనవేలు పెట్టి చూపించారు. "నిన్నటికీ ఇయ్యాల్టికీ రెండు వేళ్ళు తగ్గిందమ్మా, రాత్రికి ఇంజన్ పెట్టుకోవాల, డీజిలు మళ్ళీ నా జేబులోదే" అన్నారు. పక్కనే కాలువ నీళ్ళు చూసే లస్కరు నిలబడున్నాడు, అతన్ని తిట్టలేదు, అతని చేతిలో ఏముంది పాపం.

అదే ఊరికి అంతకు ముందు అక్టోబర్లో కూడా వెళ్ళా, మొంథా తుపాను వచ్చిన వారంలో. 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, సార్వా చేలు, అంటే వానాకాలం వరి, గింజ పట్టి కోతకి దగ్గరపడ్డ టైం, మొత్తం పడుకుండిపోయాయి. గాలికి పడిపోవడం ఒక ఎత్తు, నీళ్ళు బయటికి పోకపోవడం ఇంకో ఎత్తు. చేల నీళ్ళు బయటికి పోయే డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క, నీరు కదల్దు, కంకి నీళ్ళలో నాని మొలకెత్తేస్తుంది. ఒకే చేనండి, అక్టోబర్లో నీళ్ళు పోక మునిగింది, ఫిబ్రవరిలో నీళ్ళు రాక బీటలు తీసింది. ఒక్కసారి వెళ్ళొచ్చేసి ఉంటే నాకు సగమే తెలిసేది. అందుకే ఎవరు అడిగినా చెప్తా, కొత్త చోట్లు ఎక్కువ చూడక్కర్లేదు, ఒక చోటికి సార్వాలో వెళ్ళు, దాళ్వాలో వెళ్ళు, వేసవిలో కాలువలు కట్టేశాక కూడా వెళ్ళు.

ఇంకా కిందకి, మా రాజోలు దీవిలో శంకరగుప్తం డ్రెయిన్ పక్కకి వస్తే కొబ్బరి చెట్లు తలల్లేకుండా మొండాలుగా నిలబడి కనిపిస్తాయి. సముద్రం పోటు నీరు డ్రెయిన్‌లోకి ఎగదన్ని తోటల్లో ఉప్పు చేరిపోయింది. మా ఇళ్ళల్లో 1996 నవంబర్ తుపాను గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు, ఒక్క రాత్రిలో తోటలన్నీ పడిపోయాయని. ఈ ఉప్పుకి అలాంటి రాత్రి ఏదీ లేదు, నెమ్మదిగా చెట్టు తర్వాత చెట్టు పోతోంది, అందుకే బయట ఎవరికీ పట్టలేదు చాలా కాలం. నాకు దీని మీద చాలా కోపముంది, దాచుకోను.

ఆడపిల్లవి ఒక్కదానివే ఎలా తిరిగావు, ఇంట్లో ఎలా పంపారు, డబ్బులెక్కడివి? (పేరు వద్దన్నారు, రాజమండ్రి)

2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ఫ్రీ కదండీ, ఆధార్ కార్డు దగ్గరుంటే చాలు, నిజం చెప్పాలంటే అది లేకపోతే నా తిరుగుడు సగం కూడా జరిగేది కాదు. పంటుకి, అంటే గోదారి దాటించే పెద్ద పడవకి, షేర్ ఆటోకి మాత్రం డబ్బులు కట్టాలి, అవి ట్యూషన్ డబ్బులు. కోనసీమ లోపలికి రైలు లేదు, నరసాపురం లైను పని ఇంకా నడుస్తూనే ఉంది, కాబట్టి బస్సూ పంటే మనకి దిక్కు. సఖినేటిపల్లి రేవులో పంటెక్కితే నరసాపురం ఎంతోసేపు పట్టదు, అదే రోడ్డు మీదైతే చించినాడ వంతెన చుట్టి రావాలి. బైకులు, ఆటోలు, చేపల తట్టలు, కాలేజీ పిల్లలు అందరం ఒకే చెక్క మీద. వరదొస్తే పంటు ఆపేస్తారు, ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు దాటిందంటే మొదటి ప్రమాద హెచ్చరిక, అది చూసుకోకుండా బయల్దేరొద్దు.

అమ్మ పెట్టిన రూలు ఒకటే, చీకటి పడకముందు ఇంటికి రావాలి. అమ్మమ్మ వరసయ్యే వాళ్ళు ప్రతి ఊళ్ళో ఎవరో ఒకరు తగుల్తారు మన గోదారి జిల్లాల్లో, "ఎవరమ్మాయివమ్మా" అని అడగడం ఆలస్యం, భోజనం పెట్టేస్తారు. నరసాపురం దగ్గర ఒక ఇంటి అరుగు మీద అలాగే లేసు అల్లే అత్తలతో మధ్యాహ్నమంతా కూచున్నా. వాళ్ళ పనికి 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది, కానీ ముక్కకి వచ్చే కూలి గురించి అడిగితే నవ్వి ఊరుకున్నారు. భయపడ్డ సందర్భాలూ ఉన్నాయి, ఆఖరి బస్సు తప్పిపోయిన సాయంత్రం ఒకటి. నాన్న బండి మీద వచ్చి తీసుకెళ్ళారు.

యానాం, కోరంగి వెళ్ళారా? హైదరాబాద్ నుంచి వస్తున్నాం, ఒక్క రోజే ఉంది. (రాజోలు నుంచి వెళ్ళి స్థిరపడిన ఒక ఉద్యోగి)

ఒక్క రోజంటే కోరంగి మడ అడవి చూడండి, యానాం దారిలోనే కదా. యానాం 1954 దాకా ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉంది, ఇప్పుడు పుదుచ్చేరి, బండ్ల మీద పీవై 04 అని కనిపిస్తుంది, గౌతమి గట్టు మీద సాయంత్రం కూచోడానికి బాగుంటుంది. కోరంగిలో మాత్రం ఆటు టైంలో, సముద్రం నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు వెళ్ళండి, పోటుకి వెళ్తే నీళ్ళే కనిపిస్తాయి. ఆటు తీసినప్పుడు బురదలోంచి మడ చెట్ల వేర్లు మేకుల్లా పైకి పొడుచుకుని ఉంటాయి, వాటి మధ్య బురద మీద గెంతే చిన్న చేపలు, ఎర్ర పీతలు. పిల్లలుంటే అక్కడే గంట గడిపేస్తారు. ఒకప్పుడు పెద్ద ఓడరేవు అది, 1839 తుపాను దెబ్బకి పోయింది, మన వాళ్ళు చాలా మంది బర్మా వెళ్ళింది ఆ తీరం నుంచే.

డిగ్రీ తర్వాత గ్యాప్ ఎందుకొచ్చిందని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి? (ఒక తమ్ముడు, తణుకు)

నన్నూ అడిగారు. ట్యూషన్లు చెప్పానని, కాలువల వెంట తిరిగానని ఉన్నదున్నట్టు చెప్పా. "తిరిగి ఏం నేర్చుకున్నారు" అన్నారు ఒక మేడం. బోదెలో కర్ర గురించి, శంకరగుప్తం గురించి, అదే ఊరు రెండుసార్లు చూడటం గురించి చెప్పుకుంటూ పోయా, ఆవిడ చివరిదాకా విన్నారు. ఆ ఉద్యోగం రాలేదులే, కానీ బయటికొచ్చాక నాకు ఏం చదవాలో తెలిసిపోయింది, ఇప్పుడు జియాలజీ పీజీ కోసం పీజీసెట్‌కి ప్రిపేర్ అవుతున్నా, ఉప్పు నీరు భూమి లోపల ఎంత దూరం వచ్చిందో కొలిచే పని నేర్చుకోవాలని. ఈసారి నాన్న కూడా సరే అన్నారు, సీటు వైజాగ్‌లో వచ్చినా పంపుతానన్నారు.

నువ్వు కూడా ఏం చేశావో అబద్ధం ఆడకుండా చెప్పు తమ్ముడూ. వెళ్ళే ముందు రోజు ఒక కాగితం తీసుకుని ఈ ఏడాదిలో ఏ ఊరెళ్ళావు, ఎవరితో ఏ పని చేశావు, ఊళ్ళ పేర్లతో సహా రాసుకో. "టైం మేనేజ్‌మెంట్ నేర్చుకున్నానండి" లాంటివి వాళ్ళు రోజూ వింటారు, నువ్వు మీ నాన్నతో మిల్లుకి ధాన్యం తోలిన సంగతి చెప్పు, తేమ ఎంతుందని ఎంత కోసేశారో అంకెతో చెప్పు.