కంటి శిబిరం సొమ్ముతో విందా?

ప్రశ్న: ఈ జులైలో మా సేవా క్లబ్బుకు కోశాధికారినయ్యాను. సభ్యులం 40 మందిమి. నాకు అప్పగించిన పాసుబుక్కులో 1,42,000 రూపాయలున్నాయి. అందులో లక్షకు పైగా కంటి శిబిరం కోసం ఊరివాళ్లిచ్చిన విరాళాల్లో మిగిలిందే. పదవీ స్వీకార విందుకైన 60,000 అందులోంచి కట్టేయమంటున్నారు అధ్యక్షుడుగారు. ‘డబ్బు క్లబ్బుదేగా’ అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక కోశాధికారి, తెనాలి

జవాబు: కట్టకండి. కిరాణా కొట్టు యజమాని 1,116 రాయించింది శుక్లాలు తీయించుకోవలసిన ముసలివాళ్ల కోసం, మీ పనీర్ కూర కోసం కాదు.

క్లబ్బుల జమాఖర్చులు చూడటమే నా పని. తగాదాలు చాలావరకు ఇలాంటి ఒకే పాసుబుక్కు దగ్గరే మొదలవుతాయి. లయన్స్ క్లబ్బుల నియమాలు పరిపాలన నిధిని, సేవా నిధిని విడివిడిగా ఉంచమంటాయి. సభ్యత్వ రుసుము, సమావేశాల కాఫీ టిఫిన్లు మొదటి దాంట్లోకి వస్తాయి. జనం దగ్గర వసూలు చేసింది రెండో దాంట్లోకి వెళ్లి తిరిగి జనానికే ఖర్చు కావాలి. మీది ఏ క్లబ్బయినా ఈ పద్ధతి పెట్టుకోండి, రేపే రెండో ఖాతా తెరవండి. విందుకు తలా 1,500 వేసుకుంటే సరిపోతుంది.

అధ్యక్షుడుగారు పట్టుబడితే వాదించకండి. ‘కంటి శిబిరం విరాళాల నుంచి విందుకు 60,000’ అని మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసి సంతకం పెట్టమనండి. కలం ఎవరు తీస్తారో చూద్దాం.

మీరు అడగకపోయినా ఇంకో మాట. క్లబ్బు సంవత్సరం జులై నుంచి జూన్, ఆదాయపు పన్నుకు ఏప్రిల్ నుంచి మార్చి. అంటే మొన్న మార్చితో ముగిసిన ఏడాదిలో మొదటి మూడు నెలల వోచర్లు ఒకరివి, తర్వాతి తొమ్మిది నెలలవి ఇంకొకరివి. ఆడిటర్ ముందు కూర్చోవలసింది మాత్రం మీరు! మీకు ముందున్న ఇద్దరి దగ్గరా వోచర్లు, రసీదు పుస్తకాల కార్బన్ కాపీలు ఇప్పుడే తీసుకోండి. మార్చి 31, జూన్ 30 నాటి నిల్వలు విడిగా రాయించి, పాత కోశాధికారి చేత సంతకం పెట్టించండి. ఖాళీ రసీదు పుస్తకాలు కూడా లెక్కపెట్టుకోండి, వాటి సంగతి అందరూ మరిచిపోతారు.