నట్లు ఊడినా చక్రం రాకపోతే

చిరంజీవి అల్లుడికి,

నాలుగు నట్లూ ఊడదీశాక కూడా కారు చక్రం కదలట్లేదని రాశావు. అలాయ్ చక్రాలకి ఇది మామూలే, అందులోనూ కాకినాడ, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లో తిరిగే బండికి మరీనూ. చక్రాన్ని తగిలించే నడిమి భాగం, అదే హబ్బు, ఇనుము; చక్రం అల్యూమినియం. మధ్యలోకి తడీ ఉప్పూ చేరితే అల్యూమినియం తినేసి తెల్లటి పొడి కడుతుంది. చక్రం నడిమి బెజ్జం హబ్బు మీద సందు లేకుండా కూర్చుంటుంది గనక, ఆ కాస్త పొడికే పట్టేస్తుంది.

జాకీ మీదున్న బండిని మాత్రం తన్నకు, బాదకు. ఆ జాకీ బండిని ఎత్తడానికే, కుదుపులు కాయదు.

ఊడదీసిన నట్లు మళ్లీ ఎక్కించి బిగించు. తర్వాత ఒక్కోటి రెండే రెండు చుట్లు వదులు చెయ్యి. బండి దించి జాకీ తీసెయ్యి. ఇద్దరు ఒక పక్కన నిలబడి పైకప్పు అంచు దగ్గర నెడుతూ వదులుతూ ఊపండి. చిన్న కారైనా ముందు చక్రం మీద దాదాపు 250 కిలోల బరువుంటుంది, ఆ బరువే మన సుత్తి. ‘టక్’మంటే వదిలినట్టే.

వదల్లేదా? చదునైన ఖాళీ చోట గజం ముందుకీ గజం వెనక్కీ, నడక కంటే నెమ్మదిగా కదిపి బ్రేకు గట్టిగా తొక్కు. స్టీరింగు ఓసారి ఎడమకి, ఓసారి కుడికి తిప్పి చూడు. చప్పుడు వినగానే ఆపెయ్యాలి, లేకపోతే స్టడ్ల (నట్లు ఎక్కే కడ్డీల) మరలు చెడతాయి. పంచరైన టైరుతో ఈ పని వద్దు, ముందు గాలి కొట్టించు.

అప్పటికీ మొండికేస్తే తుప్పు వదిలించే స్ప్రే. నడిమి మూత తీసి, హబ్బు చుట్టూ సన్నగా కొట్టి 20 నిమిషాలు ఆగు. బ్రేకు డిస్కు మీద పడనివ్వకు, పడితే బ్రేకు జారుతుంది. తర్వాత బండిని గట్టి స్టాండు మీద నిలిపి, నట్లు అలాగే వదులుగా ఉంచి, లోపలి వైపు నుంచి టైరు రబ్బరుకి చెక్క ఆనించి కొట్టు. ఒక దెబ్బ, చక్రం పావు చుట్టు తిప్పడం, మళ్లీ దెబ్బ. ఒకే చోట బాదితే చక్రం వాలుగా ఇరుక్కుని ఇంకా బిగుస్తుంది. రిమ్ము మీద ఇనుప సుత్తి పడిందో, అలాయ్ పగులుతుంది. మంట పెట్టి వేడి చేద్దామనే సలహా ఎవరిచ్చినా వినకు: టైరు పేలొచ్చు, బేరింగు గ్రీజు కారిపోతుంది.

ఊడొచ్చాక అసలు పని ఉంది. హబ్బునీ, చక్రం నడిమి బెజ్జాన్నీ వైర్ బ్రష్షుతో, ఎమరీ కాగితంతో మెరిసేదాకా గీకు. హబ్బు బొడిపె మీద మాత్రం రాగి గ్రీజు పలచగా, వేలికి అంటినంత రాయి. స్టడ్లకీ, నట్లు కూర్చునే చోటికీ అంటకూడదు. మరలకి జిడ్డు అంటితే, అదే బలంతో తిప్పినా నట్టు ఎక్కువ బిగిసి స్టడ్డు సాగిపోతుంది.

నట్లు ఎదురెదురుగా బిగించు. చిన్న కార్లలో చాలావాటికి బిగింపు బలం 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, అయినా బండి పుస్తకంలో రాసిన లెక్కే పట్టుకో. 100 కిలోమీటర్లు తిరిగాక ఓసారి పానా వేసి చూడు.

ఇట్లు,
మీ మామయ్య