రెండు పూటలా ఇన్‌హేలర్ వాడుతున్నా ఆయాసం తగ్గకపోతే ఏం చూడాలి?

గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే మీ అన్నయ్యకి నలభై దాటాక ఆస్తమా వచ్చిందనీ, రెండు పూటలా ఇన్‌హేలర్ పీలుస్తున్నా రాత్రిళ్ళు ఆయాసంతో లేచి కూర్చుంటున్నారనీ, ఏడాదిలో నాలుగైదుసార్లు స్టెరాయిడ్ మాత్రలు వాడాల్సి వస్తోందనీ రాశారు. "ఇక డోసు పెంచడమేనా?" అని అడిగారు. నేను డాక్టర్ని కాను. నాకూ పెద్దయ్యాకే మొదలై, ఏ మందుకీ లొంగకుండా కొన్నేళ్ళు ఏడిపించింది. ఆ అనుభవంతో చెబుతున్నాను. డోసు పెంచే ముందు, ఇప్పటి మందు ఎందుకు పనిచేయడం లేదో తేల్చాలి. నెదర్లాండ్స్‌లో చేసిన ఒక అధ్యయనంలో, ఆస్తమా ఉన్న పెద్దవాళ్ళలో అదుపు తప్పినవాళ్ళు 17 శాతం దాకా ఉంటే, మందు సరిగ్గా వాడినా నిజంగా లొంగనివాళ్ళు 4 శాతం కూడా లేరు. మిగతా అందరికీ వేరే కారణం ఏదో ఉంది.

ముందు అది ఆస్తమానేనా? మీ అన్నయ్యకి స్పైరోమెట్రీ చేశారో లేదో మీరు రాయలేదు. గొట్టంలోకి గట్టిగా ఊదించి, మందు పీల్పించి, పావుగంట తర్వాత మళ్ళీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికొచ్చే గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితే ఆస్తమాకి బలమైన ఆధారం. బాగున్న రోజు చేస్తే నార్మల్‌గా రావచ్చు, అందుకే ఒక్కసారితో వదిలేయకూడదు. సిగరెట్ అలవాటున్నా, గుండె జబ్బున్నా ఆయాసం దాదాపు ఇలాగే ఉంటుంది. గొంతులోని స్వరతంత్రులు పీల్చేటప్పుడు మూసుకుపోయే సమస్య కూడా అచ్చం ఆస్తమాలా కనిపిస్తుంది.

తర్వాత, మందు లోపలికి వెళ్తోందా? డాక్టర్ ఎదుటే ఇన్‌హేలర్ వాడి చూపించమనండి. నొక్కే పంపు అయితే నెమ్మదిగా, దీర్ఘంగా పీల్చాలి, పంపుకి తగిలించే స్పేసర్ అనే డబ్బా ఉంటే ఇంకా మేలు. పొడి క్యాప్సూల్ వేసే రకానికి పద్ధతి పూర్తిగా వేరు, ఒక్కసారిగా బలంగా లాగాలి. రెండిట్లోనూ పది సెకన్లు ఊపిరి బిగబట్టి, ఆఖర్న నోరు పుక్కిలించాలి. ఒకదాని పద్ధతిలో రెండోది వాడితే మందు చాలావరకు గొంతులోనే ఆగిపోతుంది. అలాగే, ఎగశ్వాస వచ్చినప్పుడు మాత్రమే పీల్చే సాల్బుటమాల్ పంపులు ఏడాదికి మూడు దాటుతున్నాయంటే ఆస్తమా అదుపులో లేదని అర్థం. ఆ పంపు శ్వాస గొట్టాలు తెరుస్తుంది తప్ప లోపలి వాపుని తగ్గించదు.

నా విషయంలో అసలు ఆధారం ముక్కులో దొరికింది. ఎప్పుడూ ముక్కు దిబ్బడ, పోపు మాడినా వాసన తెలిసేది కాదు. జలుబు మనిషినేమో అనుకుని ఇంట్లో అందరం అలవాటు పడిపోయాం. నడుం నొప్పికి మాత్ర వేసుకున్న గంటా రెండు గంటల్లో ఆయాసం ముంచుకొచ్చి, నెబులైజర్ పెట్టించుకోవాల్సి వచ్చేది. ఇవన్నీ కలిపి అడిగింది ఒక్క పల్మనాలజిస్టే (ఊపిరితిత్తుల డాక్టర్): "వాసన తెలుస్తుందా? నొప్పి మాత్రలు పడతాయా?" స్కాన్ తీస్తే ముక్కులో పాలిప్స్, అంటే మెత్తటి కండలు. ఆస్తమా, పాలిప్స్, ఆస్పిరిన్ జాతి నొప్పి మాత్రలు పడకపోవడం, ఈ మూడూ కలిసి వచ్చే ఒక జబ్బు ఉంది. ఎక్కువగా పెద్దయ్యాకే మొదలవుతుంది. అందుకే మీ అన్నయ్యని కూడా ఇవే అడగండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ అన్నీ ఈ కోవలోవే. మామూలు డోసులో పారాసిటమాల్ చాలామందికి పడుతుంది, కానీ మందుల షాపులో ఇచ్చే కొన్ని నొప్పి మాత్రల్లో పారాసిటమాల్‌తో పాటు ఎసిక్లోఫెనాక్ కూడా కలిసి ఉంటుంది, అట్ట మీద చదవాలి. గుండెకి ఆస్పిరిన్ వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపొద్దు, డాక్టర్ని అడగాలి. వణుకుకీ మైగ్రేన్‌కీ ఇచ్చే ప్రొప్రనొలాల్, గ్లకోమాకి వేసే టిమొలాల్ కంటి చుక్కలు కూడా ఆస్తమాని రెచ్చగొడతాయి. కంటి చుక్కల సంగతి ఛాతీ డాక్టర్‌కి చెప్పాలని ఎవరికి తోస్తుంది?

నాకు ముక్కు ఆపరేషన్ చేశారు. రోజూ ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, ముక్కులో స్టెరాయిడ్ స్ప్రే, ఆ నొప్పి మాత్రలు పూర్తిగా బంద్. ఇన్‌హేలర్ అదే, కానీ ఇప్పుడు రాత్రిళ్ళు నిద్రపోతున్నాను.

యార్డు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు, అక్కడి మిర్చి దుమ్మే ఆయాసాన్ని పెంచుతోందేమో చూడాలి. ఊపిరి ఎంత వేగంగా వదలగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ కొని, రోజుకి కనీసం నాలుగుసార్లు ఊది, రెండు మూడు వారాలు పుస్తకంలో రాయమనండి. యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు కూడా రాస్తే, మీటర్ అంకె పనిలో ఉన్నప్పుడు తగ్గి సెలవుల్లో పెరుగుతోందా అన్నది తెలిసిపోతుంది. ఇంట్లో దోమల చుట్టలు, అగరొత్తులు మానేయడం ఎలాగూ మంచిది.

ఇవన్నీ సరిచేశాకా లొంగకపోతే అప్పుడు అది ఏ రకమో చూడాలి. రక్తంలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు), మొత్తం ఐజీఈ (అలర్జీలో పెరిగే యాంటీబాడీ) పరీక్షలు చేయిస్తారు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుండగా ఇసినోఫిల్స్ చూస్తే తక్కువగా వచ్చి మోసం చేస్తాయి, కాబట్టి కోర్సు లేని సమయంలో చేయించాలి. ఐజీఈ బాగా ఎక్కువగా ఉంటే, ఆస్పర్జిల్లస్ అనే బూజు వల్ల వచ్చే అలర్జీ జబ్బుందేమో అడగండి. మన దేశంలో ఇది అరుదేం కాదు. ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ అనుకుని మందులు మొదలుపెట్టే సందర్భాలూ ఉన్నాయి. దీనికి చికిత్స వేరు.

చేప మందు గురించి కూడా అడిగారు. మృగశిర కార్తెకి నాంపల్లి వెళ్ళడం మీ నమ్మకం, నేను కాదనను. దానివల్ల ఆస్తమా తగ్గుతుందని వైద్యపరంగా రుజువు కాలేదు, దాని కోసం ఇన్‌హేలర్ ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. చాలాకాలంగా వేసుకుంటున్న స్టెరాయిడ్ మాత్రలు కూడా ఒక్కసారిగా మానకూడదు. పంపు పీల్చినా తగ్గక, వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతే, పెదాలు నీలంగా మారితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఒమాలిజుమాబ్, మెపోలిజుమాబ్, బెన్రలిజుమాబ్ లాంటి బయోలాజిక్ ఇంజెక్షన్లు, అంటే ఆస్తమా వాపుని నడిపే ఒక్కో పదార్థాన్నే గురిపెట్టి అడ్డుకునే మందులు, మన దగ్గరా దొరుకుతున్నాయి. సరిపడిన రకం ఆస్తమాకి బాగా పనిచేస్తాయి, ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. అవి అవసరమా కాదా అన్నది రక్తపరీక్షలతో పాటు, ఏడాదిలో ఎన్ని స్టెరాయిడ్ కోర్సులు పడ్డాయన్న దాన్ని బట్టి కూడా నిర్ణయిస్తారు. కాబట్టి పల్మనాలజిస్ట్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కోర్సుల తేదీలు కాగితం మీద రాసుకుని, వాడే ఇన్‌హేలర్లు, నొప్పి మాత్రల అట్టలు, కంటి చుక్కలు, పాత రక్తపరీక్షలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి.