మనీ ప్లాంట్ పెడితే ఫిల్టర్ తీసేయొచ్చా?

చెన్నైలో అద్దె ఇంట్లో 40 లీటర్ల తొట్టె, అందులో ఆరు గప్పీ చేపలు. మొక్కలు పెట్టి ఫిల్టర్ తీసేయొచ్చా అని అడిగారు.

తొందరపడి తీసేయకండి. చేపలు మొప్పల ద్వారా వదిలే అమ్మోనియా వాటికే విషం. బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా బాగా పెరిగేది ఫిల్టర్ స్పాంజిలోనే. మొక్కలు అమ్మోనియాను, నైట్రేట్‌ను ఎరువులా పీల్చుకుంటాయి. ఫిల్టర్, మొక్కలు రెండూ ఉంటేనే నిశ్చింత.

మా తొట్టె అంచున మనీ ప్లాంట్ కాడలు నాలుగు గుచ్చాను. వేళ్లు మాత్రమే నీళ్లలో ఉండాలి, ఆకులు మునిగితే కుళ్లిపోతాయి. కొన్ని వారాలకు తెల్లటి వేళ్లు జడలా కిందికి దిగాయి, అద్దం మీద పాచి తగ్గింది. పిల్ల గప్పీలు ఆ వేళ్ల మధ్యే దాక్కుంటాయి, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో!

మన ఊళ్లో అసలు టెన్షన్ ఎండాకాలమే. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది. రాత్రిపూట నీటి మొక్కలు కూడా దాన్నే వాడుకుంటాయి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే వెంటనే ఎయిర్ పంప్ పెట్టండి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి, కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు కలిపాకే పోయండి.