జావా పల్లెకు వెళ్తున్న నీకు

అమ్మలూ,

వీసా వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఇండోనేషియాలోని జావా దీవిలో, క్లాటెన్ జిల్లాలో వరి పండే ఊరే ఎంచుకున్నావట, సన్నకారు రైతుల అప్పుల మీద పరిశోధన చేస్తావట. నేను పని చేసింది ఆ చుట్టుపక్కలే కాబట్టి కొన్ని సంగతులు ముందే చెప్పాలనిపించింది. నువ్వు పంపిన ప్రశ్నపత్రం చదివాను. ప్రశ్నలు బాగానే ఉన్నాయి గానీ అప్పుల పేజీ మొదట్లో పెట్టావు. దాన్ని తీసి చివర పెట్టు. అసలు మొదటి రెండు నెలలూ ఆ పేజీ సంచిలోంచి బయటికే తియ్యకు.

ఊళ్ళో దిగిన రోజే ఆర్‌టీ పెద్ద ఇంటికి వెళ్ళు. ఆర్‌టీ అంటే కొన్ని పదుల ఇళ్ళ వాడ. జపాన్ వాళ్ళు 1942 నుంచి 1945 దాకా జావాను ఏలినప్పుడు మొదలైన ఏర్పాటు అది, ఇప్పటికీ ఊరి బతుకంతా దాని చుట్టూనే నడుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు 24 గంటల్లోగా తెలియజేయాలని వాడ మొదట్లో బోర్డు కూడా ఉంటుంది. జిల్లా ఆఫీసు కాగితాలు ఎన్ని ఉన్నా సరే, నువ్వు స్వయంగా నడిచి వెళ్ళి కూర్చుని ఒక గ్లాసు టీ తాగితేనే ఆ వాడకు నువ్వు వచ్చినట్టు లెక్క. టీ ముందు పెట్టగానే గ్లాసు అందుకోకు, తాగమని వాళ్ళు అనేదాకా ఆగు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మం బయట నిలబడి "కులో నువున్" అని పిలువు. మూడుసార్లు పిలిచినా పలకకపోతే వచ్చెయ్యి. పెద్దవాళ్ళ ముందు నుంచి నడవాల్సి వస్తే కాస్త వంగి, కుడి చెయ్యి కిందికి చాపి నడువు. ఇండోనేషియా భాష నేర్చుకున్నావు, మంచిదే, పని జరుగుతుంది. ముసలివాళ్ళతో మాత్రం నాలుగు ముక్కలైనా జావా భాషలో, అదీ మర్యాద రూపంలో మాట్లాడు. తప్పులు వచ్చినా ఏమీ అనుకోరు.

మరి మొదట ఏం అడగాలి అంటావా? పంట గురించి అడుగు. వరి పైరు రసం పీల్చే సుడిదోమ సంగతి ఎత్తితే చాలు, మగవాళ్ళు గంటల తరబడి చెప్తారు. మందులు కొట్టేకొద్దీ దోమను తినే సాలీళ్ళు చచ్చి, దోమ ఇంకా పెరిగింది. 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. 1989 నుంచి రైతులను పొలం గట్టు మీదే కూర్చోబెట్టి మంచి పురుగేది, చెడ్డ పురుగేది అని నేర్పే బడులు నడిపారు. మన దగ్గర పొలంబడి అని పిలిచేదానికి మూలం అక్కడే. ఈ సంగతి వాళ్ళకు చెప్పు. మీరు మొదలుపెట్టింది మా ఊళ్ళకూ వచ్చిందంటే ఎంత పొంగిపోతారో చూస్తావు.

భూమి గురించి అడిగేటప్పుడు మన లెక్కలు పక్కన పెట్టెయ్యి. జావాలో సగానికి పైగా రైతు కుటుంబాలకు అర హెక్టారు కూడా లేదు. అంటే ఎకరంపావు లోపే. అసలు మడిచెక్క లేనివాళ్ళు ఇంకెందరో. అందుకని ఒకే మనిషి పొద్దున పాలికి నాట్లు వేయిస్తాడు, మధ్యాహ్నం తాపీ పనికి పోతాడు, సాయంత్రం ఆవుకు గడ్డి కోసుకొస్తాడు. వాళ్ళావిడ సంతలో టెంపే, అంటే పులియబెట్టిన సోయా గింజల అచ్చు, అమ్ముతుంది. వృత్తి అన్న గడిలో ఒకటే రాసి ఊరుకోకు. ఇంకో సంగతి. ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద కమతం కనబడితే అది ఎవరి సొంతమూ కాకపోవచ్చు. ఊరి అధికారులకు జీతం బదులు ఇచ్చే బెంగ్కొక్ భూమి అది. పదవి ఉన్నన్నాళ్ళే దాని మీద హక్కు. దాన్ని ఎవరు దున్నుతున్నారు, ఏ పాలికి దున్నుతున్నారు అన్నది తెలుసుకుంటే ఊళ్ళో ఎవరు ఎవరి మనిషో తెలుస్తుంది.

కోతల కాలంలో తప్పకుండా పొలాల్లో తిరుగు. ఒకప్పుడు ఊరి ఆడవాళ్ళంతా చిన్న చేతికత్తితో ఒక్కొక్క వెన్నూ కోసి, కోసినదాంట్లో వాటా తీసుకుని ఇంటికి వెళ్ళేవాళ్ళు. ఎవరినీ వద్దనే రివాజు లేదు. 1970ల నాటికి పొట్టి వరి రకాలు వచ్చాయి. పైరు నిలబడి ఉండగానే వ్యాపారికి గుత్తంగా అమ్మేసే పద్ధతి పెరిగింది. వ్యాపారి తన మనుషుల్నీ కొడవళ్ళనూ తెచ్చుకున్నాడు. భూమి లేని ఆడవాళ్ళకు ఏటా ఇంట్లోకి వచ్చే ధాన్యం అట్లా పోయింది. వయసు మళ్ళిన ఆడవాళ్ళ పక్కన కూర్చుని ఇది అడుగు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన మార్పు ఇదే. దీని గురించి నువ్వు వివరంగా రాస్తే బాగుంటుందని నా ఆశ.

ఇప్పుడు అప్పుల సంగతి. నీ పట్టికలో బ్యాంకు, వారంవారం ఇంటికొచ్చి వసూలు చేసుకునే వడ్డీ వ్యాపారి, కిరాణా కొట్టు, చీటీ ఉన్నాయి. మడిని అప్పిచ్చినవాడికి అప్పగించి, బాకీ తీరేదాకా పంట అతన్నే తిననిచ్చే తాకట్టు కూడా రాశావు. మన భోగ్యం తాకట్టు లాంటిదే, బాగా పట్టుకున్నావు. కానీ అన్నిటికన్నా పెద్ద లెక్క నీ పట్టికలో లేదు. అది ఇంటికీ ఇంటికీ మధ్య ఉండే చదివింపుల బాకీ.

ఎవరింట్లోనైనా పెళ్ళో, సున్తీయో, చనిపోయినవాళ్ళ పేరిట వెయ్యో రోజు భోజనాలో ఉంటే వాడలోని ఆడవాళ్ళంతా ముందే వెళ్ళి వంటలో సాయం చేస్తారు. దాన్ని రెవాంగ్ అంటారు. పిలుస్తారని చూడకు, పక్కింటామెతో కలిసి వెళ్ళిపో. వెనక వాకిట్లో చాపల మీద పదిహేనుమంది కూర్చుని ఉంటారు. ఒకరు కొబ్బరి కోరుతుంటే ఒకరు చిన్న ఉల్లిపాయలు ఒలుస్తుంటారు, ఇంకొకరు అరటాకులు తుడిచి సైజుకు చింపుతుంటారు. నీకు ముందు ఆకులు తుడిచే పనే ఇస్తారు. చెయ్యి. ఎవరి ఆవు అమ్మకానికి పెట్టారు, ఎవరి కోడలు హాంకాంగ్ నుంచి రెండు నెలలుగా డబ్బు పంపలేదు అన్నీ ఆ చాపల మీదే తెలుస్తాయి. వచ్చినవాళ్ళు బియ్యం, చక్కెర, సేమియా, కవర్లో కొంత డబ్బు తెస్తారు. లోపలి గదిలో ఒకామె నోటుపుస్తకంలో పేరు రాసి ఎంత తెచ్చారో వేస్తుంది. రేపు వాళ్ళింట్లో శుభకార్యం జరిగితే అంత తిరిగి పెట్టాలి. జావా వాళ్ళ క్యాలెండరులో బెసార్ అనే నెలలో పెళ్ళిళ్ళు మీద మీద పడతాయి. అప్పుడు కూలి చేసుకునేవాళ్ళు చదివింపుల కోసమే వడ్డీకి తెస్తారు. పెట్టకుండా ఉండలేరు, ఎందుకంటే ఇల్లు కట్టుకునేటప్పుడు కప్పు ఎత్తడానికి వచ్చేదీ, జబ్బు చేస్తే బండి మాట్లాడేదీ ఆ వాడవాళ్ళే. 2006లో భూకంపం వచ్చినప్పుడు ఇళ్ళ శిథిలాలు తీసుకోవడానికి ఒకరికొకరు నిలబడ్డది కూడా ఈ చుట్టరికంతోనే. ఆ నోటుపుస్తకం చూపించమని నువ్వు అడక్కు. నువ్వు కూడా నీ శక్తి కొద్దీ చక్కెరో బియ్యమో పట్టుకెళ్ళి, నీ పేరూ అందులో పడ్డాక, ఎవరో ఒకరు తమ పుస్తకం తెచ్చి నీ ముందు విప్పుతారు.

నువ్వు అద్దెకుండే ఇంటి గోడకు చిన్న డబ్బా వేలాడుతుంటే అందులో రోజూ పిడికెడు బియ్యం వెయ్యి. రాత్రి కాపలా తిరిగేవాళ్ళు తీసుకెళ్ళి వాడ ఖర్చులకు వాడతారు. కొన్ని వాడల్లో ఇప్పుడు చిల్లర వేస్తున్నారు.

తోలుబొమ్మలాట పెడితే తెల్లారేదాకా కూర్చో. భీముడు, అర్జునుడు, ఘటోత్కచుడు అందరూ కనిపిస్తారు. "ఇవి మా కథలే" అని మాత్రం అనకు. మనవాళ్ళు అక్కడికి వెళ్ళి తరచూ అనే మాట అది, నాకు నచ్చదు. వాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు. ఆ కథలు వందల ఏళ్ళుగా వాళ్ళవి కూడా. మనకు తెలియని సెమార్ అనే నవ్వించే సేవకుడు అక్కడ పాండవుల పక్కనే ఉంటాడు. అతని గురించి అడుగు.

1965, 66ల్లో ఏం జరిగిందని నీ అంతట నువ్వు అడగొద్దు. జావా పల్లెల్లో కమ్యూనిస్టులన్న ముద్రతో ఎంతోమందిని చంపారు. చంపినవాళ్ళ ఇళ్ళూ పోయినవాళ్ళ ఇళ్ళూ ఈనాటికీ పక్కపక్కనే ఉంటాయి. ఎవరైనా వాళ్ళంతట వాళ్ళే చెప్తే విను, ఊరి పేరూ మనిషి పేరూ ఎక్కడా రాయకు.

తిండికి ఇబ్బంది లేదు. టెంపే, టోఫు, కొబ్బరిపాల కూర రోజూ ఉంటాయి. కానీ కారంపచ్చడిలో రొయ్యల ముద్ద కలుపుతారు. నువ్వు శాకాహారివని మొదటి రోజే ఇంటామెకు చెప్పు, నీకు వేరే నూరి ఇస్తుంది. భోజనం డబ్బులు నెల మొదట్లోనే ఆమె చేతికే ఇవ్వు, ఆమె అడగదు.

పాస్‌పోర్టు, వీసా జెరాక్సులు ఆరేడు సెట్లు తీయించి పెట్టుకో. ప్రశ్నపత్రం మార్చాక నాకు ఒకసారి పంపు, చదివివ్వడానికి నాకు తీరికే.

ప్రేమతో,
మీ పెద్దమ్మ