ఫిల్టర్ కొనే ముందు నీళ్ల సంగతి తేల్చుకో

చిన్నీ,

కొత్తింట్లో బోరు నీళ్లకి ఆర్వో (కరిగిన రసాయనాల్ని కూడా ఆపే ఫిల్టర్) పెట్టించనా, కాచుకుంటే సరిపోతుందా అని అడిగావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

నీళ్ల ల్యాబులో 30 ఏళ్లు పనిచేసినవాణ్ని కదా, నేను ముందు అడిగేది ఒకటే. నీ నీళ్లలో ఉన్న దోషం క్రిములా, కరిగిన రసాయనాలా? ఆ రెండింటికీ మందు ఒకటి కాదు. ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ ఎంతున్నాయో పరీక్ష చేయించు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటాయంటే కాచి లాభం లేదు. నీరు కొంత ఆవిరైపోయి అవి ఇంకాస్త చిక్కబడతాయి కూడా. పాపకి డబ్బా పాలు కలిపి పడుతున్నావు కాబట్టి నైట్రేట్ అంకె మరీ జాగ్రత్తగా చూడు. ఇలాంటి చోట ఆర్వో దండగ కాదు. అవేవీ ఎక్కువ లేవనుకో, దాని జోలికి పోకు. పోసిన నీళ్లలో చాలా భాగం డ్రైనేజీ పాలు చేస్తుంది.

అమ్మడానికి వచ్చినవాడు చిన్న మీటరు ముంచి అంకె చూపిస్తాడు. దాన్ని చూసి హడలిపోకు. టీడీఎస్ మీటరు కరిగిన లవణాల్ని మాత్రమే అంచనా వేస్తుంది. క్రిములు దానికి కనబడవు.

క్రిముల మటుకైతే కాచడాన్ని మించింది లేదు. సలసలా కాగాక 1 నిమిషం చాలు. 2,000 మీటర్ల పైన కొండప్రాంతంలో ఉంటే 3 నిమిషాలు. పావుగంట మరగబెట్టేవాళ్లని చూశాను, గ్యాసు ఖర్చు తప్ప ఒరిగేదేమీ లేదు. అయితే ఇందులో ఒక చిక్కుంది. మా పెద్దాడికి చిన్నప్పుడు విరేచనాలు ఎంతకీ తగ్గలేదు. తాగించేది కాచిన నీళ్లే. చివరికి మీ పిన్ని కనిపెట్టింది: పిల్లలు వేళ్లతో సహా గ్లాసు బిందెలో ముంచుతున్నారు. ఊరందరి నీళ్లూ పరీక్షించే నేను మా ఇంటి బిందె నీళ్లు ల్యాబుకి పట్టుకెళ్లడం అదే మొదటిసారి! కాచిన నీళ్లయినా, యూవీ (అతినీలలోహిత కాంతి) ఫిల్టర్ నీళ్లయినా, తర్వాత పడ్డ క్రిమిని ఏమీ చేయలేవు. కాచిన గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చు. కుళాయి ఉన్న డబ్బాలో పోసి ఉంచు.

ఆ ఒక్క విషయంలో క్లోరిన్ మేలు. లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉన్నా కొంత కాపలా కాస్తుంది. బిళ్ల ప్యాకెట్ మీది కొలత ప్రకారం వేసి, కనీసం 30 నిమిషాలు ఆగి తాగాలి. బురద నీళ్లలో వేస్తే మందంతా బురదకే ఖర్చైపోతుంది, ముందు తేర్చి గుడ్డతో వడకట్టాలి. పటిక మడ్డిని అడుక్కి దించుతుంది, అంతే. దాన్నే శుద్ధి అనుకోవద్దు. క్రిప్టోస్పొరిడియం అనే క్రిమి మాత్రం క్లోరిన్‌కి లొంగదు, కాచితే చస్తుంది.

క్యాండిల్ ఫిల్టర్ బ్యాక్టీరియాని చాలావరకు ఆపుతుంది కానీ వైరస్‌లు దాటిపోతాయి. కరెంటూ గ్యాసూ లేని చోట ఎండ పద్ధతి ఉంది: తేట నీళ్లు 2 లీటర్లు మించని పారదర్శకమైన పెట్ ప్లాస్టిక్ బాటిల్లో నింపి 6 గంటలు మంచి ఎండలో పడుకోబెట్టాలి, మబ్బుగా ఉంటే 2 రోజులు. నాకు ముచ్చటైన పద్ధతే కానీ, నీ ఓపిక నాకు తెలుసు!

క్రిముల పరీక్షకి ల్యాబువాళ్లిచ్చే స్టెరైల్ సీసాలోనే నీళ్లు పట్టు, ఇంట్లో కడిగిన బాటిల్ పనికిరాదు. రిపోర్టు వచ్చేదాకా మీరిద్దరూ కాచుకునే తాగండి. పాపకి మాత్రం పరీక్షలో బాగున్నాయని తేలిన నీళ్లు వేరే చోటినుంచి తెచ్చి, వాటినీ కాచి వాడు. కాగితం చేతికి రాగానే ఫొటో తీసి పంపు, అన్ని పేజీలూ.

మీ బాబాయి